అడిగినవాళ్లెందరు? అడిగిన సార్లెన్ని?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు శనివారాలు కాలేజీ పిల్లలతో ఏవో ఆటలు ఆడిస్తున్నావటగా, దాని గురించి ఓ పావుగంట మాట్లాడు" అన్నారు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాడు చివరికి ఆటల మాస్టారయ్యాడని మీలో కొందరు నవ్వుకుంటూ ఉంటారు. నవ్వుకోండి. కానీ ఆ ఆట నేను మొదటిసారి ఆడింది ఈ బడిలోనే. ఆడుతున్నానని అప్పట్లో నాకు తెలియదు, అంతే.

మన లెక్కల మాస్టారు నడిపించిన విద్యార్థుల దుకాణం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. స్టాఫ్ రూము పక్కన చిన్న గది, ఓ చెక్క బీరువా, తాళం చెవి, ఓ ఖాతా పుస్తకం. పెన్సిళ్లు, రబ్బర్లు, గ్రాఫు కాగితాలు, నోటు పుస్తకాలు అమ్మేవాళ్లం. తొమ్మిదో తరగతిలో ఆ తాళం చెవి నా చేతికొచ్చింది. కలెక్టరు ఉద్యోగం వచ్చినంత గర్వపడ్డాను.

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే లాంగ్ నోటు పుస్తకాలు అయిపోయాయి. టౌనులో హోల్‌సేల్ కొట్టు నుంచి సరుకు రావడానికి వారం పట్టేది. ఆ వారమంతా పిల్లలు వచ్చి "వచ్చాయా?" అని అడుగుతూనే ఉన్నారు. అడిగిన ప్రతిసారీ నేను ఖాతా పుస్తకం వెనక ఓ గీత గీశాను. శనివారానికి గీతలు లెక్కపెడితే వంద దాటాయి. నూట ఇరవై పుస్తకాలు తెప్పించాను. సోమవారం ముప్పై అమ్ముడయ్యాయి. మంగళవారం నాలుగు. ఆ తర్వాత దుకాణం వైపు వచ్చినవాడు లేడు.

మాస్టారు బీరువా తెరిచి కట్టలు చూశారు. కేకలు వేస్తారనుకున్నాను, వేయలేదు. ఖాతా పుస్తకం తిప్పి నా గీతలు చూసి ఒకే మాట అడిగారు. "ఒరేయ్, అడిగినవాళ్లెందరు? అడిగిన సార్లెన్ని?"

ఒకే కుర్రాడు మూడు రోజులు వరసగా వచ్చి అడిగితే నేను ముగ్గురి కింద లెక్కేశాను. అంతలో పక్క వీధి కొట్లో కొనుక్కున్నవాళ్ల గీతలు కొట్టెయ్యలేదు. మిగిలిన పుస్తకాలు సంక్రాంతి దాకా అమ్ముతూనే ఉన్నాను. ఆయన వాటిని వెనక్కి పంపనివ్వలేదు. ప్రతి శనివారం మిగిలినవి నా చేతే లెక్కపెట్టించేవారు. నష్టం అంతా కలిపి చూసుకుంటే దుకాణం డబ్బు కొన్ని నెలలు బీరువాలో ఇరుక్కోవడమే. పాఠం మాత్రం పెద్దది.

అంత పెద్ద పాఠాన్ని నేను మరిచిపోయాను. ఎలా మరిచిపోయానో చెప్పాలి, అది చెప్పకుండా మిగతాదంతా చెబితే గొప్పలు చెప్పుకున్నట్టవుతుంది.

ఇంజనీరింగ్ పూర్తయ్యాక పంపుసెట్లు తయారుచేసే ఒక కర్మాగారంలో చేరాను. కొన్నేళ్లకు నన్ను ప్లానింగ్ విభాగంలో వేశారు. ఏ నెల ఎన్ని పంపులు చెయ్యాలి, దానికి ఎన్ని కాస్టింగులు తెప్పించాలి అన్నది నా బల్ల మీద తేలేది. ఒక ఏడు ఎండలు ముదిరాయి, బావులు అడుగంటాయి, పంపులకు గిరాకీ పెరిగింది. డీలర్లు అడిగినన్ని మేము ఇవ్వలేకపోయాం. యాభై అడిగితే పాతిక పంపాం. దాంతో ఏమైందంటే, పాతిక కావలసిన డీలరు యాభై రాయడం మొదలుపెట్టాడు. యాభై కావలసినవాడు వంద రాశాడు. ఆ కాగితాలు చూసి నేను నిజంగానే గిరాకీ రెండింతలైందనుకున్నాను.

మాకు కాస్టింగులు పోసిచ్చే చిన్న ఫౌండ్రీ ఒకటుండేది. యజమాని పనిలోంచి పైకొచ్చిన మనిషి. ఆయన్ని పిలిచి, "ఇక నుంచి నెలకు రెండింతలు కావాలి, మీ వల్ల అవుతుందా?" అని అడిగాను. అవుతుందన్నాడు. అప్పు చేసి రెండో కొలిమి పెట్టాడు, కొత్తగా మనుషుల్ని పెట్టుకున్నాడు. వానలు పడ్డాయి. డీలర్ల దగ్గరికి పాత ఆర్డర్ల సరుకంతా ఒకేసారి చేరింది. రాసిన ఆర్డర్లన్నీ రద్దు చేశారు. మా గోదాము నిండిపోయింది. నేను ఆ ఫౌండ్రీకి ఆర్డరు ఆపేశాను. తగ్గించలేదు, పూర్తిగా ఆపేశాను. నెలల తరబడి.

ఆయన రెండుసార్లు వచ్చి నా బల్ల ఎదురుగా కూర్చున్నాడు. "ఇంజనీరు గారూ, సగమైనా ఇవ్వండి, కొలిమి చల్లారిపోతోంది" అన్నాడు. "మార్కెట్టు పడిపోయిందండీ, నా చేతుల్లో ఏముంది?" అన్నాను. మూడోసారి రాలేదు. ఫౌండ్రీ మూతపడిందని తర్వాత తెలిసింది.

అప్పుడు నేను నిజంగానే మార్కెట్టుదే తప్పనుకున్నాను. మా సేల్సువాళ్లు డీలర్లని తిట్టారు. డీలర్లు మమ్మల్ని తిట్టారు. కొన్నాళ్లకు వేరే పని మీద డీలర్ల అమ్మకాల బిల్లులు తిరగేస్తుంటే తెలిసింది, రైతులు కొన్న పంపులు ఆ ఏడు కొంచెమే పెరిగాయి. రెండింతలూ కాలేదు, సున్నా అంతకంటే కాలేదు. ఆ రెండింతలు మేము కాగితం మీద పుట్టించుకున్నవే.

ఇలా ఎందుకు జరుగుతుందో నాకు చెప్పింది ఒక ఆట. పదేళ్ల తర్వాత, కంపెనీ పంపించిన ఒక శిక్షణ తరగతిలో ఆడాను. దాని పేరు బీర్ గేమ్.

ఆ ఆట వెనక ఉన్నది కూడా ఒక ఇంజనీరే. జే ఫారెస్టర్ అనే ఆయన అమెరికాలో ఎమ్‌ఐటీలో తొలి తరం కంప్యూటర్లు కట్టిన విద్యుత్ ఇంజనీరు. 1956లో అక్కడి మేనేజ్‌మెంట్ స్కూలుకు మారాడు. కెంటకీ రాష్ట్రంలోని జనరల్ ఎలక్ట్రిక్ గృహోపకరణాల ఫ్యాక్టరీల వాళ్లు ఆయన దగ్గర ఒక చిక్కు చెప్పుకున్నారు. కొన్నేళ్లు షిఫ్టుల మీద షిఫ్టులు నడుస్తాయి, మరి కొన్నేళ్లకు సగం మందిని ఇంటికి పంపాల్సి వస్తుంది, ఎందుకని? ఆయన వాళ్లు మనుషుల్ని ఎలా తీసుకుంటారో, సరుకు ఎలా ఆర్డరు చేస్తారో అడిగి తెలుసుకుని, కాగితం, పెన్సిలు పెట్టుకుని వారం వారం లెక్క వేశాడు. బయటి గిరాకీ నిలకడగా ఉన్నా, వాళ్ల నిర్ణయాల తీరు వల్లనే ఉద్యోగాలు పెరిగి తరుగుతాయని తేలింది. అక్కడి నుంచే సిస్టమ్ డైనమిక్స్ అనే శాస్త్రం మొదలైంది. 1960 ప్రాంతంలో ఆ బృందమే విద్యార్థులకు ఈ సంగతి అనుభవంలోకి రావాలని ఈ ఆట తయారుచేసింది.

వ్యాపార నిర్ణయాలు నేర్పే ఆటలు అప్పటికే ఉన్నాయి. 1932లోనే లెనిన్‌గ్రాడ్‌లో మేరీ బిర్‌స్టైన్ అనే ఆవిడ ఫ్యాక్టరీ నడపడం మీద ఇలాంటి ఆట ఒకటి ఆడించింది. అమెరికన్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ 1956లో కంప్యూటరు మీద ఆడే ఆట తెచ్చింది. అంటే ఇదేమీ సెల్‌ఫోన్ల కాలపు వింత కాదు.

నేను ఉద్యోగం నుంచి కాస్త తీరిక చేసుకుని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో శనివారం తరగతులు మొదలుపెట్టినప్పుడు, ఈ ఆటనే పట్టుకెళ్లాను. ప్రిన్సిపాల్ గారు పేరు వినగానే కుర్చీలో సర్దుకున్నారు. "బీరేమిటండీ, తల్లిదండ్రులు వింటే బావుంటుందా?" అన్నారు. బీరు కాస్తా గోలీసోడా అయింది. సోడా కేసులకు గుర్తుగా ప్లాస్టిక్ బిళ్లలు కొందామనుకుంటే మా ఆవిడ వంటింట్లోంచి ఓ డబ్బా తెచ్చిచ్చింది. చింతపిక్కలు. వామనగుంటలు ఆడిన చేతులకు అంతకంటే మంచివేముంటాయి?

ఆట ఇలా ఉంటుంది. నాలుగు బల్లలు. మొదటిది చిల్లర కొట్టు, తర్వాత హోల్‌సేలరు, తర్వాత డిస్ట్రిబ్యూటరు, చివర సోడా ఫ్యాక్టరీ. ఒక్కొక్కరి దగ్గర మొదట 12 కేసుల సరుకు ఉంటుంది. ప్రతి వారం చిల్లర కొట్టు ఒక చీటీ తీస్తుంది, అందులో ఆ వారం కొనుగోలుదార్లు అడిగిన సంఖ్య ఉంటుంది. ఆ చీటీ ఇంకెవరూ చూడకూడదు. ఉన్నది ఇచ్చి, పై బల్లకు తన ఆర్డరు రాసి పంపాలి. ఆర్డరు పైకి చేరడానికి సమయం పడుతుంది, సరుకు కిందికి రావడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. మిగిలిన ప్రతి కేసుకూ వారానికి అర్ధ రూపాయి ఖర్చు. ఇవ్వలేక బాకీ పడిన ప్రతి కేసుకూ రూపాయి. మాట్లాడుకోకూడదు. ఉన్న నియమాలు ఇవే. 36 వారాలు ఆడిస్తాను, యాభై అని చెబుతాను. ముందే చెబితే చివర్లో సరుకు ఖాళీ చేసుకునే తెలివి చూపిస్తారు కదా.

మొదటి నాలుగు వారాలు అందరూ ఆవులిస్తారు. అయిదో వారం దగ్గర చిల్లర కొట్టు పిల్ల మొహం మారుతుంది. మూడు వారాల్లో ఆమె సరుకు ఖాళీ అవుతుంది, బాకీ మొదలవుతుంది. ఆర్డరు పెంచుతుంది. సరుకు రాదు. ఇంకా పెంచుతుంది. పై బల్లవాడు అది చూసి తనూ కంగారుపడి మరికాస్త కలిపి పైకి రాస్తాడు. ఫ్యాక్టరీకి చేరేసరికి వారానికి నలభై కేసులు. కొద్ది వారాల తర్వాత అంతా ఒక్కసారి దిగుతుంది. చింతపిక్కలు బల్ల మీంచి కిందపడతాయి. అందరూ ఆర్డరు సున్నా రాస్తారు. వరసగా సున్నా, సున్నా, సున్నా.

ఆట అయ్యాక ఒక్కొక్కరికీ కాగితమిచ్చి, కొనుగోలుదార్ల గిరాకీ ఎలా మారిందనుకుంటున్నారో గీయమంటాను. చిల్లర కొట్టు వాళ్లు తప్ప దాదాపు అందరూ కొండలూ లోయలూ గీస్తారు. అప్పుడు చీటీలు తిరగేసి చూపిస్తాను. మొదటి నాలుగు వారాలు వారానికి నాలుగు. అయిదో వారం నుంచి చివరిదాకా ఎనిమిది. ఒకే ఒక్క మార్పు, ఒకే ఒక్కసారి.

ఆ నిమిషంలో తరగతి గదిలో పడే నిశ్శబ్దం కోసమే నేను శనివారాలు బస్సెక్కి వెళతాను.

దీనికి ఇంగ్లీషు పేరు బుల్‌విప్ ఎఫెక్ట్. మన బండివాడి చేతిలో చెర్నాకోల చూశారుగా, పిడి దగ్గర మణికట్టు కాస్త కదిలితే కొస మాత్రం బారెడు ఎగురుతుంది. ప్రాక్టర్ అండ్ గాంబుల్ వాళ్లు పసిపిల్లల డైపర్ల ఆర్డర్లలో ఇదే చూశారు. పిల్లలు డైపర్లు వాడే వేగం ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకటే. ఆర్డర్లు మాత్రం ఎగిరి పడ్డాయి. ఎమ్‌ఐటీలో జాన్ స్టెర్మన్ ఈ ఆట ఫలితాలు పోగుచేసి 1989లో ప్రచురించాడు. ఆటగాళ్ల సరాసరి ఖర్చు, వీలైన అతి తక్కువ ఖర్చుకు సుమారు పదింతలు. మన పిల్లలు తెలివితక్కువవాళ్లు కారు, ప్రపంచంలో ఎవరాడినా ఇంతే.

ఇక నేను చేసిన పొరపాట్లు కూడా చెబుతాను, గురువులు ఉన్నారు కాబట్టి వాళ్లకు పనికొస్తాయి. మొదటిసారి నేను ముందు గంటసేపు ఉపన్యాసమిచ్చి తర్వాత ఆడించాను. కిటుకు ముందే తెలిసిపోయింది. బాగా ఆడారు, ఏమీ నేర్చుకోలేదు. రెండోసారి గెలిచిన జట్టుకు బహుమతి పెట్టాను. చీటీలు దొంగచాటుగా చూశారు. ఇప్పుడు బహుమతి లేదు, ముందు మాట లేదు. ఆట గంటన్నర, తర్వాత మాట రెండు గంటలు. ఆ రెండు గంటలు లేకపోతే మిగిలేది సరదా ఒక్కటే. ఎవరి వల్ల ఇలా జరిగిందని అడిగితే, మొదట ప్రతివాడూ పక్క బల్ల వైపు వేలు చూపిస్తాడు. ఆ వేలు మెల్లగా కిందికి దిగేదాకా ఓపిక పట్టాలి.

రెండో విడతలో చిల్లర కొట్టు చీటీ అందరికీ కనబడేలా పెట్టి ఆడిస్తాను. ఖర్చు బాగా తగ్గుతుంది. సున్నా కాదు, ఎందుకంటే సరుకు రావడానికి పట్టే సమయం అలాగే ఉంటుంది. "దారిలో ఉన్న సరుకును కూడా నీ సరుకుగానే లెక్కపెట్టుకో" అన్న ఒక్క అలవాటు వస్తే చాలు, సగం కంగారు పోతుంది.

ఒక శనివారం ఫ్యాక్టరీ బల్ల మీద కూర్చున్న అబ్బాయి, అంతసేపూ ఏమీ మాట్లాడనివాడు, చివర్లో చెయ్యెత్తాడు. "సార్, నేను ఎనిమిది వారాలు సున్నా రాశాను. ఆ ఎనిమిది వారాలు ఫ్యాక్టరీలో వాళ్లు ఏం చేస్తారు సార్?"

నా దగ్గర సమాధానం లేదు. లేదనడం కూడా సరికాదు. ఉంది, చెప్పడానికి నోరు రాలేదు. కాసేపటికి ఆ ఫౌండ్రీ సంగతి మొదటిసారి బయటికి చెప్పాను. పిల్లల ముందు చెప్పాను, అంతవరకూ ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ అబ్బాయి వాళ్ల నాన్న స్పిన్నింగ్ మిల్లులో రోజు కూలీ అని తర్వాత తెలిసింది. మిల్లు ఆగినప్పుడల్లా ఏం జరుగుతుందో వాడికి నేను చెప్పక్కర్లేదు.

ఆ రోజు నుంచి నా ఆటలో అయిదో బల్ల చేరింది. ఫ్యాక్టరీకి సీసాలు ఇచ్చే చిన్న షెడ్డు. ఆ బల్ల మీద రూపాయల లెక్క ఉండదు. ఎన్ని వారాలు పని లేదు అన్నది మాత్రం బోర్డు మీద రాస్తూ పోతారు. ఆ అంకె కనబడుతుంటే ఆర్డరు రాసే చెయ్యి కాస్త ఆగుతుంది. అందరిదీ ఆగదు. కొందరిది ఆగుతుంది.

ఆటకు హద్దులున్నాయి. బాగా ఆడినవాడు మంచి మేనేజరవుతాడని నేను చెప్పను. ఆటలో గిరాకీ ఒక్కసారే మారింది, బయట అలా కాదు. ఆటలో తప్పు చేస్తే నవ్వుతారు, బయట ఎవరో ఒకరి కొలిమి చల్లారుతుంది. కానీ అందుకే ఆట కావాలి. తప్పులు ఎలాగూ చేస్తాం. మొదటి తప్పు చింతపిక్కలతో చేస్తే, రెండోది మనుషులతో చేసే ముందు ఒక్క క్షణం గుర్తొస్తుంది. నాకు గుర్తు రాలేదు. తొమ్మిదో తరగతికీ, ఆ బల్లకూ మధ్య ఎవరూ నా చేత మళ్లీ ఆడించలేదు. అది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను.

ఆ ఫౌండ్రీ యజమానిని ఆ తర్వాత ఒకసారి కలిశాను. అల్లుడి హార్డ్‌వేర్ కొట్లో కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పి, తప్పు మార్కెట్టుది కాదు, నాది అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "అప్పుడే ఎవరైనా ఇంత లెక్కేసి చెప్పుంటే రెండో కొలిమి పెట్టేవాణ్ని కాదండీ" అన్నాడు. టీ తెప్పించాడు. తాగి వచ్చేశాను.

మన లెక్కల మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. ఆయన అడిగిన ప్రశ్నకు ఇంత వెనక కథ ఉందని ఆయనకు చెప్పే అవకాశం నాకు రాలేదు. ఆయన దుకాణం కూడా ఎప్పుడో ఆగిపోయిందట, బీరువా మాత్రం సైన్సు గదిలో ఉందని ఉదయం చూశాను.

అందుకని సంఘం పెద్దలకు నాదొక మనవి. స్వర్ణోత్సవం గుర్తుగా ఆ దుకాణాన్ని తిరిగి తెరిపిద్దాం. పెట్టుబడి పెద్దదేమీ కాదు, మా బ్యాచి భరిస్తుంది. తాళం చెవి తొమ్మిదో తరగతి పిల్లల చేతికే ఇవ్వాలి, నష్టం వస్తే పెద్దలు పూడ్చకూడదు, మిగిలినవి వాళ్ల చేతే లెక్కపెట్టించాలి. రెండోది, సోడా ఆట సామాను ఒక సెట్టు తెచ్చాను. గుడ్డ మీద కుట్టించిన అయిదు పటాలు, చీటీలు, రెండు సంచుల చింతపిక్కలు. సభ అయ్యాక హెడ్మిస్ట్రెస్ గారికి అప్పగిస్తాను. మొదటి మూడు నెలలు రెండో శనివారం నేనే వచ్చి ఆడిస్తాను. ఆ తర్వాత మన ఉపాధ్యాయులు నాకంటే బాగా ఆడిస్తారు.

మనలో ఎరువుల డీలర్లున్నారు, మందుల షాపులవాళ్లున్నారు, రైసు మిల్లు నడిపేవాళ్లున్నారు. మీరు కూడా వచ్చి ఒక పూట ఆ బల్లల దగ్గర కూర్చోండి. పిల్లలు ఆర్డరు రాస్తున్నప్పుడు మీకు జరిగింది చెప్పండి. లాభం వచ్చిన కథలు తర్వాత, ముందు నష్టం వచ్చినవి చెప్పండి.